తెరపై పాఠం – తెర వెనుక జాగ్రత్త



బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది 1953 అక్టోబరు 1న. ఆ పిమ్మట కూడా ఈ సరిహద్దు సీమలో తెలుగు చదువు నిలిచినదంటే అది ఉపాధ్యాయుల శ్రమ, తల్లిదండ్రుల పట్టుదల వలననే. ఆనాడు నల్లబల్లపై రాసిన పాఠం గంట కొట్టగానే చెరిగిపోయేది. నేడు పవర్‌పాయింట్‌లో కూర్చిన తెలుగు పాఠం పెన్‌డ్రైవులోనో వాట్సాప్‌లోనో ఒక ఊరి బడి నుండి మరొక ఊరి బడికి చేరుతున్నది. విద్యాదానానికి ఇది మంచి సాధనమే. కాని ఆ బాటలోనే అపాయం కూడా రాగలదు.

పవర్‌పాయింట్ ఫైలు కేవలం బొమ్మల పుస్తకం కాదు. అందులో వేరొక ఫైలును పొదగవచ్చు. మాక్రోలనే ఆజ్ఞల వరుసను దాచవచ్చు. 2014లో ఉక్రెయిన్ ప్రభుత్వ కార్యాలయాలపై 'శాండ్‌వర్మ్' అనే ముఠా ఈ దారినే ప్రయోగించినది. ఫైలు తెరచినంతనే, పొదిగిన వస్తువు బయటి యంత్రం నుండి దుష్ట ప్రోగ్రామును రప్పించేది. ఆ అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసినది. వారం తిరుగకుండానే దుండగులు దానిని తప్పించుకొనే పక్కదారి కనుగొన్నారు. నవంబరులో మరొక సవరణ అవసరమైనది. సవరణలు ఎప్పటికప్పుడు వేసుకొనవలసినదెందుకో ఈ ఒక్క ఉదంతమే చెబుతుంది.

2022 నుండి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను విండోస్‌లోని ఆఫీసు తానే అడ్డుకొనుచున్నది. అయితే పెన్‌డ్రైవులో చేతులు మారిన ఫైలుకు 'ఇంటర్నెట్ నుండి వచ్చినది' అన్న గుర్తు తరచు నిలువదు. అప్పుడు మిగిలేది పసుపు పట్టీపై అనుమతి కోరే ఒక్క మీట. ఫైలు ఇచ్చినవారు ఆప్తులే కావచ్చు. వారి కంప్యూటరుకు సోకిన తెగులు వారికే తెలియకపోవచ్చు.

2024 మేలో మైక్రోసాఫ్ట్ అధిపతి, తెలుగువారైన సత్య నాదెళ్ళ, అన్నిటికంటె ముందు భద్రతయే అని తమ ఉద్యోగులకు లేఖ రాశారు. ఆఫీసు 2016, 2019 ప్రతులకు 2025 అక్టోబరు 14తో సంస్థ మద్దతు ముగిసినది. అట్టి పాత ప్రతులున్న బడులు కొత్తవానికి గాని, ఉచితంగా లభించే లిబ్రెఆఫీసుకు గాని మారుట మేలు. దానికి కూడా సవరణలు వేయవలసినదే. పాఠాలలో మాక్రోల అవసరం అరుదు. కనుక అనుమతి మీట నొక్కకుండుటే ఉత్తమం. మార్కుల పట్టికలు, పిల్లల చిరునామాలు ఉన్న కంప్యూటరులో బయటి పెన్‌డ్రైవు పెట్టరాదు.

పిల్లల వివరాలు తల్లిదండ్రులు బడిపై నమ్మకంతో అప్పగించినవి. హాజరు పట్టీని బీరువాలో పెట్టి తాళం వేసే శ్రద్ధ కంప్యూటరుకు కూడా దక్కవలెను. ప్లాటినం జూబిలీ వేళ ఈ విద్యాలయానికి అది తగిన సంకల్పం.

శుభం భూయాత్.