కంప్యూటర్ ఆగిపోతే ఫైళ్లు పోయినట్టేనా?

కంప్యూటర్ తెరుచుకోనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. విండోస్ చెడిపోయినా, హార్డ్ డిస్క్‌లో పత్రాలు, ఫొటోలు చాలాసార్లు భద్రంగానే ఉంటాయి. డిస్క్ తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలావరకు కనబడతాయి.

పొరపాటున తుడిచేసిన ఫైలు సంగతి వేరు. మొదట రీసైకిల్ బిన్‌లో వెతకాలి. అక్కడా లేదా? వెంటనే ఆ కంప్యూటర్ వాడకం ఆపాలి. హార్డ్ డిస్క్‌లో ముందుగా చెరిగేది ఫైలు చిరునామా మాత్రమే. పైన కొత్తది రాసేదాకా అసలు సమాచారం అక్కడే ఉంటుంది. అందుకే వాడకం ఆపాలి. ఆ తర్వాత ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు కలిపి, ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతకాలి. దొరికినవాటిని వేరే డిస్క్‌లో దాచాలి. ఎస్‌ఎస్‌డీ రకం డిస్క్‌లో ఇలా తిరిగి దొరికే అవకాశం తక్కువ.

డిస్క్ టకటకమంటే కరెంటు తీసేయాలి. ఇక అది నిపుణుల పని. డిస్క్ నుంచి సమాచారం తిరిగి తీసే ల్యాబులు ఎక్కువగా చెన్నై, హైదరాబాద్ వంటి నగరాల్లో ఉంటాయి. ఉదయగిరి, ఆత్మకూరు వంటి చిన్న ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లడం దూరాభారం, ఖర్చు కూడా.

కాబట్టి ముందుజాగ్రత్తే మేలు. కరెంటు హఠాత్తుగా పోయినా పని పోకుండా యూపీఎస్ ఉండాలి. ముఖ్యమైన ఫైళ్లకు రెండో ప్రతి విడి డిస్క్‌లో, మూడోది ఆన్‌లైన్‌లో ఉండాలి. చాలా సర్టిఫికెట్లు 2015లో మొదలైన డిజిలాకర్‌లో మళ్లీ దొరుకుతాయి. ఫైలు పోతే వాడకం ఆపాలి. పోకముందే ప్రతి తీయాలి.