ఛలోక్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



నవ్వు పుట్టించు మాటను లోకమున ఛలోక్తి యందురు. కొందరు దీనిని "చలోక్తి" యని వ్రాయుదురు. అది పొరపాటు. ఛలము, ఉక్తి యను రెండు సంస్కృత పదములు గుణసంధిచే కలిసి యీ మాట యేర్పడినది గావున, మొదటి యక్షరమునకు ఒత్తుండవలెను. ఛలమనగా నెపము, మోసము. ఉక్తి యనగా మాట. నవ్వించు మాటకు మోసముతో చుట్టరికమేమి?

సమాధానము గౌతముని న్యాయశాస్త్రమున దొరకును. అందలి 16 పదార్థములలో ఛలము 14వది. ఎదుటివాడు ఒక యర్థముతో పలికిన మాటకు వేరొక యర్థము కల్పించి, వానిని తప్పుపట్టుటయే ఛలము. "దేవదత్తుడు నవకంబళుడు" అని యొకడనును. క్రొత్త కంబళి గలవాడని వాని భావము. "నవ" యనగా తొమ్మిది గూడ గదా! "వీనికున్నది ఒక్క కంబళి; తొమ్మిది యెక్కడివి?" అని ప్రతివాది యడ్డు తగులును. శాస్త్రమున నిది దోషము. తెలుగు వాడుకలో మోసము జారిపోయి, చమత్కారము మిగిలినది.

అయినను పాత వాసన పూర్తిగా పోలేదు. 1897లో తొలిసారి అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము మాటలకు నవ్వనివారు లేరు. ఆ మాటల చాటుననే యతడు అగ్నిహోత్రావధానులవారి యింట చొరబడెను. నవ్వు చూచువారిది, నష్టము అవధానిది.

కావున ఛలోక్తికిని జమాఖర్చులు గలవు. అరువదియేండ్ల రైతు గ్రంథాలయమున వాచకము పట్టి, కొమ్ములు గుడులు కూడబలుకుకొనుచున్నాడనుకొందము. "తాతా, ఎద్దు కొమ్ములు పట్టిన చేతికి అక్షరాల కొమ్ములు చిక్కుతాయా?" అని యొక పడుచువాడన్నచో అందరు నవ్వుదురు, తాత మరునాడు రాడు. "ఎద్దు కొమ్ములు వంచిన చేతికి ఈ కొమ్మొక లెక్కా, తాతా!" అన్నను అందరు నవ్వుదురు, తాతయు నవ్వి, పుట త్రిప్పును. శ్లేష యొక్కటే. మొదటి మాట మనిషిని పొడిచినది. రెండవది మాటతో మాత్రమే ఆడుకొన్నది. మొదటిది ఛలము, రెండవది ఛలోక్తి.

ఈ గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. చేరిన పుస్తకముల లెక్క రిజిస్టరులో నున్నది. ఒక మాటకు నొచ్చుకొని గుమ్మము దిగిపోయిన వారి లెక్క ఏ రిజిస్టరులోను ఉండదు. అట్టి లెక్క పెరుగకుండ మాటలాడుట పాఠకులందరి ధర్మము.