సింగపూరు, మారిషస్: రెండు దీవులలో మన తెలుగు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాల వ్యవధి ఇచ్చారు. నా తరువాత పిల్లల కోలాటం ఉన్నది. కర్రలు పట్టుకొని వాళ్ళు అప్పుడే తెర వెనుక నిలబడి ఉన్నారు. కోలాటానికి అడ్డుపడిన ఉపన్యాసకుణ్ణి ఏ సభా క్షమించదని నాకు తెలుసు. కనుక నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా నా సంగతి ఒక్క మాట. మా తాతగారు విశాఖ జిల్లా నుంచి మలయాకు వచ్చి, పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో దగ్గర ఒక కొబ్బరి తోటలో పని చేశారు. మా నాన్నగారు 1950లలో సింగపూరుకు వచ్చి సెంబవాంగ్‌లోని బ్రిటిష్ నౌకా స్థావరంలో చేరారు. నేను ఇక్కడే పుట్టాను, బడిలో తమిళం చదువుకున్నాను. నాకు వచ్చిన తెలుగు మా నాయనమ్మ వంటింట్లో మాట్లాడిన తెలుగు. ఆంధ్రదేశం నుంచి ఈ మధ్య వచ్చిన సోదరులకు నా మాటలో పాతవాసన తగిలితే అది ఆమె చలవే అనుకోండి.

కొన్నేళ్ళ క్రితం ఉగాదికి మారిషస్ వెళ్ళే అవకాశం కలిగింది. అప్పటి నుంచి ఈ రెండు దీవులను పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటులో తేలిన సంగతులే ఈరోజు మీతో పంచుకుంటాను.

పైకి చూస్తే రెండింటికీ పోలికే లేదు. సింగపూరు భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్నది, మారిషస్ ఇరవై డిగ్రీలు దక్షిణాన. మన బుకిత్ తీమా గుట్ట ఎత్తు 163 మీటర్లు. దాన్నే మనం కొండ అని మురిసిపోతాం. అక్కడి ఎత్తైన శిఖరం 828 మీటర్లు. స్వాతంత్ర్యం వచ్చిన 1965లో మన దీవి వైశాల్యం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. సముద్రాన్ని పూడ్చి పూడ్చి దాన్ని ఇప్పుడు 735 దాకా తెచ్చాం. మారిషస్ ప్రధాన దీవి సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మనకు రెండున్నర రెట్లు. అయినా అక్కడ ఉన్నది పన్నెండున్నర లక్షల మంది, ఇక్కడ అరవై లక్షలు. అక్కడ ఎటు చూసినా చెరకు, ఇక్కడ ఎటు చూసినా మేడలు. వాళ్ళకు తుపానులు వస్తాయి. 1960లో వచ్చిన కరోల్ తుపానును గూర్చి ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనకు సాయంకాలపు ఉరుములు తప్ప పెద్ద గాలివాన తెలియదు.

ఇంగ్లీషువారి పాలన రెండింటికీ సమానమే. మారిషస్‌కు 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. రెండు దీవులకూ గనులు లేవు, రెండూ బాగుపడవనే చాలామంది అనుకున్నారు. తరువాత నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో మారిషస్ భవిష్యత్తును గూర్చి బెంగపడుతూనే నివేదిక రాశాడు. అటువంటి జోస్యాలు రెండు చోట్లా తప్పిపోయాయి. ఆ ఆర్థిక విజయాల కథ మీకందరికీ తెలిసినదే, దానితో మీ కాలం వృథా చేయను.

నేను చెప్పదలచుకున్నది మనవారి కథ.

మారిషస్‌లో తెలుగువారిని 'కోరింగీ'లు అంటారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే అది. 1839 నవంబరులో వచ్చిన పెద్ద ఉప్పెన ఆ రేవును నాశనం చేసింది. తరువాత నాలుగేళ్ళకు, 1843లో, 'కోరింగ పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు మోసుకుపోయిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఊరు మునిగిపోయినా ఊరి పేరు ఓడకు మిగిలింది, ఓడ పేరు జాతికి మిగిలింది. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చిన తరువాత చెరకు తోటల కోసం 1834 నుంచి సుమారు డెబ్బై అయిదేళ్ళ పాటు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవిలో దిగారు. వారు దిగిన మెట్లు పోర్ట్ లూయీ రేవులో ఇంకా ఉన్నాయి. దానిని ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. నేను ఆ మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. చాలా చిన్న మెట్లు.

ఆ సాయంత్రం ఒక పల్లెలో తెలుగువారి గుడికి తీసుకువెళ్ళారు. అక్కడ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. (మనది సింహపురి, వాళ్ళ దేవుడు సింహాద్రి. సింహం మాత్రం మనల్ని ఎక్కడా వదలలేదు.) ఎనభై దాటిన ఒక పెద్దాయన ముందు కూర్చొని రామభజన మొదలుపెట్టారు. దాదాపు రెండు గంటలు పాడారు. ఒక్క అక్షరం తడబడలేదు. మా నాయనమ్మ పలికినట్టే పలికారు. భజన అయ్యాక నేను సంతోషం పట్టలేక, "తాతగారూ, మీ పెద్దలది ఏ ఊరండీ?" అని అడిగాను. ఆయన నవ్వుతూ నా ముఖం వంక చూశారు. పక్కనున్నవారు క్రియోల్‌లోకి మార్చి చెప్పారు. ఆయనకు తెలుగు రాదు. పసుపు, కుంకుమ, అమ్మోరు, ప్రసాదం వంటి మాటలు వచ్చు. భజన మొత్తం నోటికి వచ్చు. కానీ ఒక వాక్యం రాదు.

ఆయన మనుమడు, పదేళ్ళవాడు, నా చేతిలోని ఆహ్వానపత్రం తీసుకొని గడగడా చదివాడు. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. వాడికి 'క్ష' కూడా వచ్చు. చదివినదానికి అర్థం అడిగితే సగం చెప్పి మిగతా సగానికి తల గోక్కున్నాడు. తాతకు అక్షరం రాదు, మనుమడికి పాట రాదు. అయినా ఆ ఇంట్లో అయిదారు తరాలుగా, తాము తెలుగువారమన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు.

ఇక మనవైపు చూడండి. మా తాత తరంలో తోటలకు వచ్చిన తెలుగువారు, ఆ తరువాత ఇక్కడికి దిగి వచ్చిన కుటుంబాలు ఏమయ్యాయి? చాలామంది తమిళులలో కలిసిపోయారు. ఇంట్లో ముసలివాళ్ళు పోయాక తెలుగు పోయింది. నాయుడు, రెడ్డి అన్న పేరు చివరి ముక్క మిగిలింది. నాతో బడిలో చదువుకున్న ఒక స్నేహితుడు తన తండ్రి అంత్యక్రియలకు పురోహితుడు గోత్రం, ఇంటిపేరు అడిగినప్పుడే తాము తెలుగువారమని తెలుసుకున్నాడు. ఇది కల్పించి చెబుతున్నది కాదు.

ఎందుకిలా జరిగింది? మారిషస్ వారికి భక్తి ఎక్కువ, మనకు తక్కువ అనుకుంటే పొరపాటు. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెల 1855 నుంచి ఉన్నది. వెంకన్నకు మనం ఎన్నడూ దూరం కాలేదు. తేడా నేలలో ఉన్నది. 1880ల ప్రాంతంలో మారిషస్ చెరకు దొరలు తమ తోటల అంచులను ముక్కలు చేసి అమ్ముకోవలసి వచ్చింది. కూలీలు కూడబెట్టుకున్న డబ్బుతో ఆ ముక్కలు కొన్నారు. ముక్క కొన్నవాడు ఇల్లు కట్టాడు, ఇంటి పక్కన గుడి కట్టాడు, కొడుకులు అక్కడే ఉన్నారు. వెనక్కు పోదామన్నా రేవు దూరం. మనది ఓడరేవు బతుకు. మద్రాసు ఓడ ఎక్కితే ఊరికి పోవచ్చు, మళ్ళీ రావచ్చు. 1930ల మాంద్యంలో తోటల నుంచి వేలమందిని వెనక్కు పంపేశారు. తరువాత యుద్ధం వచ్చింది. జపానువారు సయాం-బర్మా రైలుమార్గానికి తోటల నుంచి పట్టుకుపోయిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. వారిలో తిరిగిరానివారి లెక్క ఏ గుడి గోడ మీదా లేదు.

రెండవ తేడా జనాభా లెక్కలో ఉన్నది. మారిషస్ జనాభా లెక్కల్లో తెలుగువారిని తెలుగువారిగానే లెక్కించారు. లెక్కలో ఉన్నవాడికి పండుగ ఉంటుంది, బడిలో గంట ఉంటుంది, రేడియోలో సమయం ఉంటుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఇక్కడ మనం చైనీయులు, మలయులు, భారతీయులు, ఇతరులు అన్న నాలుగు గదులలో మూడవ గదిలో ఉన్నాం. ఆ గదికి అధికార భాష తమిళం. ఈ ఉగాదికి మీలో ఎందరు సెలవు చీటీ పెట్టి వచ్చారో నేను అడగను.

అయితే మారిషస్ వారిని చూసి అసూయపడమని నేను చెప్పడం లేదు. జాతిని జాతిగా లెక్కపెట్టినందుకు వాళ్ళు చెల్లించిన మూల్యమూ ఉన్నది. ఎన్నికల్లో ఎవరు ఏ జాతి అన్న ప్రశ్న అక్కడ ఎన్నడూ తెగదు. స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, 1968 జనవరిలో, పోర్ట్ లూయీలో జాతుల మధ్య కొట్లాటలు జరిగి నెత్తురు పారింది. మనకూ 1964లో అదే అనుభవం. నాకప్పుడు ఏడేళ్ళు. కర్ఫ్యూ వేసిన రాత్రి మా అమ్మ దీపం తగ్గించి కిటికీ మూయడం నాకు గుర్తున్నది. ఆ భయం నుంచే ఈ దేశం అందరినీ కలిపి కూర్చోబెట్టే పద్ధతిని పట్టుకున్నది. 1989 నుంచి ప్రభుత్వ గృహాల ప్రతి బ్లాకులోనూ ఏ జాతి ఎంతవరకు ఉండవచ్చునో పరిమితి ఉన్నది. అందుచేత ఇక్కడ తెలుగు వీధి ఏర్పడదు. ఏర్పడకపోవడం వల్ల మనం నష్టపోయాం, లాభపడ్డాం కూడా. మా అంతస్తులోని మలయు పొరుగింటావిడ మా ఆవిడకు పురుడు పోసింది. ఆ లాభాన్ని నేను ఏ ఉగాది సెలవుకూ మార్చుకోను.

నన్ను కుదిపిన సంగతి వేరే. 1975లో సింగపూరు తెలుగు సమాజం స్థాపించేనాటికి తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టు ఉండేవి. ఈ ముప్పై ఏళ్ళలో కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చిన మీవంటి కుటుంబాలతో ఈ హాలు నిండిపోయింది. మీ ఇళ్ళలో తెలుగు ధారాళంగా ఉన్నది. మారిషస్ పెద్దాయనకు లేనిది మీకున్నది. ఆయన మనుమడికి ఉన్నది మీ పిల్లలకు లేదు. మా మనుమరాలి సంగతే చెబుతాను. ఒకటవ తరగతిలో చేర్చేటప్పుడు కాగితంలో 'మాతృభాష' అని ఒక గడి ఉన్నది. తమిళం కాకపోతే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. మా అబ్బాయి తమిళం అన్నాడు, నేను చదివాను కదా అని. మా కోడలిది గుంటూరు, ఆమె హిందీ అన్నది. చివరకు హిందీ రాశారు. నేను ఏమీ మాట్లాడలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఆ పిల్ల తెలుగులోనే అడిగింది: "తాతయ్యా, మరి మనం మాట్లాడేది ఏ భాష?"

నేను అప్పటికప్పుడు ఏదో చెప్పి పడుకోబెట్టాను. ఏమి చెప్పానో గుర్తు లేదు. తప్పు ఎవరిదీ కాదు. చిన్న దేశం, బడిలో గంటలు పరిమితం. కానీ బడి ఇవ్వనిది ఇల్లు ఒక్కటే ఇవ్వాలి, ఇల్లు ఒక్క తరం మరిచిపోతే ఇక అడిగే చోటు లేదు. మారిషస్‌లో ఇల్లు మరిచిపోయినా బడి ఉన్నది, గుడి ఉన్నది. మనకు శని ఆదివారాలు మాత్రమే ఉన్నాయి.

ఆ మారిషస్ పిల్లవాడు ఏటా ఉగాదికి నాకొక కార్డు పంపుతాడు. ఇప్పుడు పెద్దవాడైనాడు, చేతిరాత కుదిరింది. ఈ ఏటి కార్డు మా మనుమరాలి పేరున వచ్చింది. ఆమె జవాబు రాయడం మొదలుపెట్టింది. మూడు వారాలుగా అది బల్ల మీదే ఉన్నది. 'ళ' వంపు తిరగడం లేదట. నన్ను రాసిపెట్టమన్నది, నేను రాయనన్నాను.

కోలాటం పిల్లలు తెర కింద నుంచి కాళ్ళు ఆడిస్తున్నారు.  సెలవు.