అండీస్ ఘాటు రైలు



ఇవాళ మిమ్మల్ని ఒక దూర ప్రయాణానికి తీసుకువెళదామని ఉంది. టిక్కెట్టు అక్కర్లేదు, పెట్టె సర్దుకోవలసిన పనీ లేదు. కంబళి ఒకటి మాత్రం దగ్గర పెట్టుకోండి. మనం వెళ్ళేది దక్షిణ అమెరికా ఖండంలోని పెరూ దేశానికి. అక్కడ పసిఫిక్ సముద్రపు ఒడ్డున బయలుదేరి, అండీస్ పర్వతాల నెత్తిమీదికి ఎక్కి, అవతలి వైపు దిగే రైలు దారి ఒకటి ఉంది. దాన్ని సెంట్రల్ రైల్వే అంటారు.

ఈ సంగతి చెప్పడానికి నాకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. నేను రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైనులోనే గడిచింది. అరకు మీదుగా కొరాపుట్టుకు వచ్చిన వారికి ఆ దారి తెలిసే ఉంటుంది. అందులో 58 సొరంగాలు. పైన శిమిలిగుడ స్టేషను సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని ఒకప్పుడు అక్కడి బోర్డు మీద రాసి ఉండేది. ఆ బోర్డు ముందు నిలబడి మేమంతా కొంచెం గర్వపడేవాళ్ళం. పెరూ రైలు శిఖరానికి సుమారు 4,780 మీటర్ల ఎత్తున చేరుతుందని మొదటిసారి చదివినప్పుడు, అచ్చుతప్పేమోనని మళ్ళీ చూసుకున్నాను. తప్పు కాదు. మా శిమిలిగుడలు నాలుగింటిని ఒకదానిమీద ఒకటి పెట్టినా ఆ రైలు ఇంకా పైనే ఉంటుంది. పెరూ దారి నేను ఎక్కలేదు. కానీ ఒక ఘాటులో పనిచేసినవాడికి ఇంకో ఘాటు కష్టసుఖాలు అర్థమవుతాయి.

సరే, బయలుదేరదాం. కయావో అనేది రేవు పట్టణం. దాన్ని ఆనుకునే రాజధాని లిమా. లిమాలో పాత స్టేషను పేరు దెసాంపరాదోస్. ఆ మాటకు దిక్కులేనివారు అని అర్థం. 1912లో కట్టిన ఆ స్టేషను భవనంలో 2009 నుంచి పెరూ సాహిత్య భవనం నడుస్తోంది. రైలెక్కే చోట పుస్తకాలు చదువుకుంటున్నారన్నమాట!

ఆ తీరమంతా ఎడారి. పొగమంచు పడుతుంది గాని వాన దాదాపు కురవదు. ఆ ఎడారిలోకి కొండల మీదినుంచి రీమాక్ అనే చిన్న నది దిగివస్తుంది. మన రైలు ఆ నది చెయ్యి పట్టుకుని ఎదురెక్కుతుంది. మొదటి గంటా రెండు గంటలూ మీకేమీ తెలియదు. బోడికొండలు, వాటి మధ్య ఏటిగట్టున పచ్చని తోటలు. చోసీకా దాటాక లోయ ఇరుకవుతుంది. సాన్ బార్తొలొమే అనే ఊరు వచ్చేసరికి మనం సుమారు 1,500 మీటర్ల ఎత్తుకు చేరతాం. అక్కడ రైలు ఆగుతుంది. ఎదురుగా కొండ, ముందుకు దారి లేదు. ఇప్పుడెలా?

ఇక్కడ మీరు కిటికీలోంచి తల బయటపెట్టకుండా జాగ్రత్తగా చూడండి. మోట దారిలో ఎద్దులు ముందుకు దిగి వెనక్కు నడవడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. రైలు ఒక వాలు ఎక్కి, చివర మొండిగా ఆగిన పట్టాల మీదికి వెళ్ళి నిలబడుతుంది. వెనక పాయింట్లు మారుస్తారు. అప్పుడు రైలు వెనక్కు నడుస్తూ రెండో వాలు ఎక్కుతుంది. మళ్ళీ ఆగి, మళ్ళీ ముందుకు. దీన్ని జిగ్‌జాగ్ అంటారు. మలుపు తిరగడానికి చోటు లేని కొండమీద ఇదొక్కటే ఉపాయం. మహారాష్ట్రలో ఉన్న శ్రోతలకు ఇది కొత్త కాదు. 1863లో తెరిచిన భోర్‌ఘాటు లైనులో ఇలాంటి రివర్సింగ్ స్టేషనే ఉండేది. పెరూ దారిలో ఇలాంటివి ఆరు. సొరంగాలు 69, వంతెనలు 58. వాలు ఎంతంటే, బాగా నిటారైన చోట దాదాపు 23 అడుగులు నడిస్తే ఒక అడుగు పైకి. మామూలు పట్టాల మీద, పళ్ళచక్రం సాయం లేకుండా నడిచే రైలుకు ఇది చాలా పెద్ద వాలు. ఆవిరియంత్రాల రోజుల్లో ఈ దారికోసమే ఇంగ్లండులోని మాంచెస్టరులో బేయర్ పీకాక్ కంపెనీ ప్రత్యేకంగా ఇంజన్లు తయారుచేసింది. 1935 నుంచి వచ్చిన ఆ తరగతికి అండీస్ అనే పేరు పెట్టారు.

ఇంత దారిని ఎవరు వేశారు? ఇద్దరి పేర్లు చెబుతారు. హెన్రీ మెగ్స్ అనే అమెరికన్ కంట్రాక్టరు ఒకడు. సాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పులపాలై 1854లో రాత్రికిరాత్రి ఓడెక్కి పారిపోయిన మనిషి. చిలీలో రైలుదారులు వేసి పేరు తెచ్చుకుని పెరూ వచ్చాడు. లామా నడిచే చోటల్లా రైలు నడిపిస్తానని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. లామా అంటే ఆ కొండల్లో బరువులు మోసే జంతువు, మన గాడిదకూ ఒంటెకూ మధ్యరకంగా కనిపిస్తుంది. రెండో ఆయన ఎర్నెస్ట్ మలినోవ్‌స్కీ, పోలండు దేశపు ఇంజనీరు. దారి ఎక్కడెక్కడ ఎలా పోవాలో గీసినది ఆయనే. 1870లో పని మొదలైంది. డబ్బు ఎక్కడిది? పెరూ సముద్రతీరపు దీవుల్లో పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుని ఉండేది. ఐరోపా పొలాలకు అది బంగారంలాంటి ఎరువు. ఆ ఎరువును చూపించి ప్రభుత్వం అప్పులు తెచ్చింది. 1876లో ఆ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 1877లో మెగ్స్ చనిపోయాడు. 1879లో చిలీతో యుద్ధం వచ్చింది. దారి చిక్లా అనే చోట, 3,700 మీటర్ల ఎత్తున, సగంలో ఆగిపోయింది. చివరికి 1890లో అప్పులిచ్చినవాళ్ళే పెరూవియన్ కార్పొరేషన్ అనే కంపెనీ పెట్టి రైల్వేలను తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1893లో పట్టాలు లా ఒరోయాకు, 1908లో హువాంకాయోకు చేరాయి.

ఇక్కడ కాసేపు బండి ఆపుతాను. సాన్ బార్తొలొమే దాటిన కొద్దిసేపటికి లోతైన లోయమీద ఒక ఇనుప వంతెన వస్తుంది. మొదట దాని పేరు వెరుగాస్ వంతెన. వెరుగా అంటే పులిపిరి. వంతెనకు ఆ పేరేమిటని ఆశ్చర్యపోకండి. ఆ లోయలోకి వచ్చిన కూలీలకు ఒంటినిండా రక్తం కారే పులిపిర్లు లేచేవి. మరికొందరికి తీవ్రమైన జ్వరం వచ్చి, ఒంట్లో రక్తం క్షీణించి, రోజుల్లో ప్రాణం పోయేది. రైలుదారి లా ఒరోయాకు పోతోంది గనక దానికి ఒరోయా జ్వరమని పేరుపెట్టారు. నిజానికి లా ఒరోయా చలికొండమీది ఊరు. జబ్బు పుట్టేది కింది వెచ్చని లోయల్లో. ఆ కూలీలు ఎవరు? పెరూ కొండజాతులవారు, చిలీవారు, ఎక్కువగా చైనావారు. 1849 నుంచి 1874 వరకు సుమారు లక్షమంది చైనీయులను ఒప్పందం కూలీలుగా ఓడల్లో పెరూ తెచ్చారు. ఈ దారిమీద వేలమంది చనిపోయారని చెబుతారు. జ్వరంతో కొందరు, మందుపాతర పేలి కొందరు, కొండచరియల కింద కొందరు.

ఈ మాట విన్నప్పుడు నాకు మనవాళ్ళు గుర్తొస్తారు. యానాం పక్కన కోరంగి రేవు ఉంది. ఆ తీరంనుంచి ఓడలెక్కి కూలికి పోయిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలని పిలిచారు. బొంబాయిలో కామాటిపురాకు ఆ పేరు వచ్చింది మన ప్రాంతంనుంచి వెళ్ళి ఇళ్ళూ వీధులూ కట్టిన కామాటీల వల్లే. వాళ్ళు కట్టినవి నిలిచాయి. వాళ్ళలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఒరోయా దారి కూలీల సంగతీ అంతే.

అయితే ఆ లోయలో వాళ్ళకోసం ప్రాణం పెట్టిన కుర్రవాడు ఒకడున్నాడు. పేరు డానియెల్ అల్సీదెస్ కర్రియోన్. సెర్రో దె పాస్కో అనే గనుల ఊరివాడు. లిమాలో వైద్యవిద్యార్థి. పులిపిర్ల జబ్బూ ఒరోయా జ్వరమూ రెండు వేరా, ఒకటేనా అన్నది అప్పటికి ఎవరికీ తేలలేదు. 1885 ఆగస్టు 27న, లిమా ఆసుపత్రిలో ఒక రోగి పులిపిరినుంచి తీసిన రక్తాన్ని కర్రియోన్ తన చేతుల్లోకి ఎక్కించుకున్నాడు. మూడు వారాలకు జ్వరం వచ్చింది. వచ్చినది ఒరోయా జ్వరమే! అంటే రెండూ ఒకే జబ్బు. రోజూ తన లక్షణాలు తానే రాసుకున్నాడు. చెయ్యి ఆడనప్పుడు స్నేహితులచేత రాయించాడు. అక్టోబరు 5న చనిపోయాడు. 28 ఏళ్ళు. ఆ జబ్బు కలిగించే సూక్ష్మజీవిని తర్వాత ఆల్బెర్టో బార్టన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. దాన్ని మోసుకొచ్చేది ఇసుక ఈగ అని 1913లో తెలిసింది. ఇవాళ ఆ జబ్బుకు మందులున్నాయి. వెరుగాస్ వంతెన పేరు మార్చి కర్రియోన్ వంతెన అన్నారు. అక్టోబరు 5ను పెరూలో వైద్యదినంగా జరుపుకుంటారు. ఆ వంతెన మీద రైలు వెళ్ళేటప్పుడు మీరు ఒక్క నిమిషం మాటలాపితే చాలు.

ఇక పైకి పోదాం. మతుకానా దాటాం, సాన్ మతేయో దాటాం. ఇప్పుడొచ్చేది ఇన్ఫియర్నియో, అంటే చిన్న నరకం. రెండు నిటారు బండల నడుమ నది చాలా లోతున ఉంటుంది. ఒక సొరంగంలోంచి బయటికి వచ్చి, వంతెన దాటి, వెంటనే ఇంకో సొరంగంలో దూరిపోతారు. వెలుతురు వచ్చిందని కళ్ళు విప్పేలోపలే మళ్ళీ చీకటి. మా అరకు ఘాటులో పిల్లలు సొరంగం రాగానే కేకలు పెట్టేవారు. ఇక్కడ పెద్దవాళ్ళూ పెడతారట.

కసపల్కా గనులు వచ్చేసరికి 4,000 మీటర్లు దాటాం. మీకు తలనొప్పిగా ఉందా? కడుపులో తిప్పుతోందా? భయపడకండి. అక్కడివాళ్ళు దాన్ని సొరోచే అంటారు. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. శిఖరం దగ్గర నీళ్ళు సుమారు 84 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేకపోతే మన కందిపప్పు ఉడకదు! అందుకే ఈ రైల్లో తెల్లకోటు వేసుకున్న మనిషి ఆక్సిజన్ సంచి పట్టుకుని పెట్టెపెట్టెకూ తిరుగుతూ ఉండేవాడు. కొండవాళ్ళు కోకా ఆకు వేసి కాచిన నీళ్ళు తాగుతారు. మీరు చెయ్యవలసిందల్లా కదలకుండా కూర్చుని, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడమే. సముద్రపు ఒడ్డునుంచి శిఖరానికి 170 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఒక్క పూటలో ఇంత ఎత్తు ఎక్కితే శరీరానికి అలవాటు పడే వ్యవధి ఎక్కడిది?

ఇదిగో, తిక్లియో. చుట్టూ మంచుకొండలు. 1999లో ఇక్కడ మలినోవ్‌స్కీకి స్మారకం నిలబెట్టారు. తర్వాత వచ్చేది గలేరా సొరంగం, కిలోమీటరు పైగా పొడుగు. మనం కొండ నెత్తిన ఉన్నాం. సొరంగానికి ఇటుపక్క పడిన చినుకు పసిఫిక్ సముద్రానికి పోతుంది. అటుపక్క పడినది అమెజాన్ నదిలో కలిసి, ఖండమంతా దాటి అట్లాంటిక్ సముద్రానికి చేరుతుంది. 2006లో చైనావారు టిబెట్టుకు 5,000 మీటర్లు దాటి పోయే రైలు వేసేవరకు, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రైలుదారిగా దీన్నే చెప్పుకునేవారు. అదీ 19వ శతాబ్దంలో, పలుగూ పారా మందుగుండుతో చేసిన పని.

అవతల దిగుడు. లా ఒరోయాలో లోహాలు కరిగించే కర్మాగారం 1922లో వచ్చింది. దాని పొగకు చుట్టుపక్కల కొండలు గడ్డికూడా మొలవకుండా బోడిపోయాయి. మా కిరండూల్ లైను ఇనుపరాయికోసం పుట్టినట్టే, ఈ దారికి తిండిపెట్టేది కూడా ఖనిజాలే. మన కళ్ళకు అందంగా కనిపించే రైలుదారి చాలాసార్లు గనికి పోయే దారే. ఆ తర్వాత మంతారో నది లోయ, పొలాలు, సుమారు 3,260 మీటర్ల ఎత్తున హువాంకాయో. పొద్దున బయలుదేరితే చేరడానికి పన్నెండు గంటలు పైనే. అక్కడ సంతలో రకరకాల రంగుల దుంపలు రాసులు పోసి ఉంటాయి. కోస్తావారు బంగాళాదుంపంటారు, మీలో కొందరు ఉర్లగడ్డంటారు. ఎలా పిలిచినా దాని పుట్టిల్లు ఈ అండీస్ కొండలే. కాబట్టి ఇంత దూరం వచ్చి మనం పరాయిచోట ఏమీ దిగలేదు.

ఈ దారిలో రోజూ నడిచే ప్రయాణికుల రైలు చాలా ఏళ్ళ క్రితమే ఆగిపోయింది. యాత్రికులకోసం ఏడాదిలో కొద్దిరోజులు ప్రత్యేకంగా నడుపుతూ వచ్చారు. గూడ్సుబండ్లే ఎక్కువ. మీలో ఎవరైనా, మీ పిల్లల్లో ఎవరైనా అటు వెళితే ముందుగా విచారించుకుని వెళ్ళండి. లిమానుంచి తిన్నగా ఎక్కకుండా, మధ్య ఎత్తులో రెండు రోజులు ఆగితే శరీరానికి మంచిది.

అంత దూరం వెళ్ళలేనివారు ఈసారి మన ఘాటు ఏదైనా ఎక్కండి. అరకు కావచ్చు, భోర్‌ఘాటు కావచ్చు. సొరంగంలో చీకటి పడినప్పుడు గోడవైపు చూడండి. రాతిమీద ఉలి గాట్లు కనిపిస్తాయి. ఆ గాటు పెట్టిన చెయ్యి ఎవరిదో ఏ బోర్డు మీదా రాసి ఉండదు. ముప్ఫై ఏళ్ళు ఆ గోడల పక్కనుంచి వెళ్ళి, స్టేషను ఎత్తు మాత్రం బట్టీపట్టినవాణ్ణి నేను. మీరు అలా చెయ్యకండి.