ప్రకృతి ఏది, వికృతి ఏది?
(ఉపన్యాస పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుండి వచ్చినవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట ఎక్కినవారు, కురవి వీరభద్రస్వామిని సేవించినవారు, కాళేశ్వరంలో పుణ్యస్నానం చేసినవారు మీలో ఉన్నారు. దర్శనానికి బారులు తీరిన జనంలో నిలబడినప్పుడల్లా నాకు ఆయుర్వేదంలోని ప్రకృతి ప్రకరణం జ్ఞాపకం వస్తుంది.

ఆ వరుసలో ఒకరు బక్కపలచగా ఉంటారు. కాలు ఒకచోట నిలవదు, మాట ఆగదు. విన్నది చప్పున గ్రహిస్తారు, అంత చప్పున మరచిపోతారు. చలికి ఓర్వలేరు. ఇవి వాత ప్రకృతి లక్షణాలు. మరొకరికి ఒంట వేడి, ముఖాన చెమట, చిన్న వయసులోనే నెరసిన వెంట్రుకలు. ఆకలిదప్పులకు ఆగలేరు. బుద్ధి చురుకు, కోపమూ చురుకే. ఇవి పిత్త ప్రకృతి లక్షణాలు. ఇంకొకరు నిండైన విగ్రహం, నునుపైన మేను. పనికి ఆలస్యంగా పూనుకుంటారు, పూనుకుంటే విడువరు. పూట భోజనం ఆలస్యమైనా చలించరు. ఇవి కఫ ప్రకృతి లక్షణాలు. రెండేసి దోషాలు కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి. ఈ విధంగా మొత్తం ఏడు ప్రకృతులని వాగ్భటుడు అష్టాంగహృదయంలో లెక్క చెప్పాడు.

మనస్సుకూ ఇటువంటి విభాగమే ఉన్నది. సాత్త్వికములు 7, రాజసములు 6, తామసములు 3, వెరసి 16 రకాల మనస్తత్త్వాలను చరకసంహిత శారీరస్థానం వర్ణించింది. అయితే "నాది పిత్త ప్రకృతి, కోపం సహజం" అని ఇంట్లోవారిపై విరుచుకుపడటానికి శాస్త్రం అనుమతి ఇవ్వలేదు. రజస్తమస్సులు మనోదోషాలనీ, జ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి మొదలైనవి వాటికి ఔషధాలనీ చరకుడే చెప్పాడు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ఇక తెలిసి కూడా నేను పోగొట్టుకొన్న మాట ఒకటి చెబుతాను.

నా తమ్ముడు పుట్టుకతో కఫ ప్రకృతి కలవాడు. స్థూలదేహం, నిదానం, మిత దాహం. నలభై అయిదు దాటిన తరువాత చిక్కిపోసాగాడు. చెంబెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. రాత్రి నాలుగైదుసార్లు లేచేవాడు. పట్నం వెళ్ళి పరీక్ష చేయించుకుంటానన్నాడు. నేను నవ్వి, "కఫం తగ్గి ఒళ్ళు తేలికపడింది, సంతోషించు. వయసుతో వాతం పెరగడం సహజం. ఆసుపత్రులెందుకు?" అన్నాను. పెద్దవాడిని, పండితుడిని, నా మాట కాదనలేదు. పెరటి మూలన చీమలు పడుతున్నాయని మరదలు మా ఇంటావిడతో అన్నదట. ఆ సంగతి నా చెవిని పడింది. ప్రమేహం రానున్నదనడానికి మూత్రానికి చీమలు చేరడం గుర్తు అని చరకసంహిత నిదానస్థానంలో నేను చదివాను, విద్యార్థులకు చెప్పాను కూడా. అయినా ఆ పాఠాన్ని నా తమ్ముని పెరటి దాకా తీసుకుపోలేకపోయాను.

ఏడాది గడిచింది. కాలి పుండు మానలేదు. వైద్యులు మధుమేహం అన్నారు. ఎడమకాలి రెండు వేళ్ళు తీసివేశారు. "అన్నయ్యా, శాస్త్రం తప్పిందా?" అని ఒకే ఒక్కసారి అడిగాడు. "శాస్త్రం తప్పలేదు నాయనా, నేను తప్పాను" అన్నాను.

ప్రకృతి గర్భంలోనే ఏర్పడుతుంది. సుశ్రుతసంహిత శారీరస్థానం నాలుగవ అధ్యాయం చూడండి. విషంలో పుట్టిన పురుగును ఆ విషం చంపనట్లే, పుట్టుకతో వచ్చిన ప్రకృతి మనిషిని బాధించదట. అది స్వభావంగా పెరగదు, తరగదు, మారదు; మారితే ఆయువు తీరుతున్న సూచన. ఎంతటి హెచ్చరిక! నిన్నటి వరకు లేనిది నేడు వస్తే అది ప్రకృతి కాదు, వికృతి. కొత్తగా చిక్కినా, కొత్తగా దాహం వేసినా, నిద్ర తప్పినా, శాంతమూర్తి అకారణంగా విసుగుతున్నా, ఉత్సాహవంతుడు మూలన కూర్చున్నా "వాళ్ళ తత్త్వమే అంత" అని కొట్టివేయకండి. వెంటనే వైద్యునికి చూపించండి. రక్తపరీక్ష చేయించుకొన్నంత మాత్రాన ఆయుర్వేదానికి అపచారం జరగదు. రోగిని చూసి, తాకి, అడిగి తెలుసుకోవాలన్నది మన వైద్యుల సంప్రదాయమే.

యాత్రికులకు మరొక్క మాట. ఉపవాసం శక్తికొలది చేయండి. ఆకలికి ఆగలేని పిత్త ప్రకృతివారు, మధుమేహానికి మందు వాడేవారు పక్కవారిని చూసి పంతానికి పోవద్దు. తీర్థం, పండు తీసుకొన్న భక్తుణ్ణి స్వామి దూరం పెట్టడు.

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కంటికి కనిపిస్తాయి. మూడవదైన సరస్వతి అంతర్వాహిని అని పెద్దల విశ్వాసం. దేహంలోని త్రిదోషాలూ అటువంటి సంగమమే. కనిపించేది కొంత, కనిపించనిది కొంత. ఏటా చూసే నది రంగు మారితే ఒడ్డువారు గుర్తిస్తారు. మీ ఇంటివారి విషయంలో ఆ ఒడ్డువారు మీరే. నా తమ్ముడు ఇప్పటికీ నా పక్కన కర్ర ఊతంతో గుడికి వస్తాడు. మెట్టు మెట్టుకూ ఆగి అతని కోసం చూస్తాను. ఆనాడు చూడవలసిన చూపు అదే.

సర్వే జనాః సుఖినో భవంతు.