బఠానీలు, సరిగమలు, ఒక రసీదు



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చేతుల్లో నెల తిరక్కుండా ఒక లావుపాటి పుస్తకం కనిపిస్తుందని నాకు తెలుసు. జనరల్ నాలెడ్జ్ గైడు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో, రైల్వేకో. అందులో ప్రతి ప్రశ్నకీ జవాబు ఒక్క ముక్కే. జన్యుశాస్త్ర పితామహుడెవరు? గ్రెగర్ మెండెల్. అంతే, తర్వాతి ప్రశ్న. క్విజ్ పోటీలకు ప్రశ్నలు తయారుచేసే పని నాది కూడా కాబట్టి ఆ ఒక్క ముక్క జవాబులను నేను చులకన చేయలేను. కాకపోతే ఆ ముక్క ఆ పేజీదాకా ఎలా నడిచి వచ్చిందో చూడటం నాకు సరదా. ఈ పూట క్రైస్తవ మఠాల నుంచి వచ్చిన కొన్ని జవాబుల వెనక్కి వెళదాం. కొన్ని పంటలవి, కొన్ని పాటలవి.

మెండెల్ సంగతి పదో తరగతిలోనే చదివారు. బఠానీ మొక్క, పొడుగూ పొట్టీ, మూడుకు ఒకటి. ఆయన పనిచేసిన చోటు గురించి మాత్రం పాఠంలో ఒక వాక్యం ఉంటే ఎక్కువ. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో నగరంలో అగస్టీనియన్ సన్యాసుల మఠం అది. మెండెల్ రైతుబిడ్డ. తిండికోసం వెతుక్కోనక్కర్లేకుండా చదువుకోవచ్చని 1843లో అందులో చేరాడు. అప్పటి మఠాధిపతి సిరిల్ నాప్‌కి గొర్రెల పెంపకం మీద, పళ్లతోటల మీద ఆసక్తి. మంచి ఉన్ని ఇచ్చే గొర్రె పిల్లకు ఆ గుణం ఎలా వస్తుందన్నది ఆ ప్రాంతంలో వేదాంత చర్చ కాదు, డబ్బుతో ముడిపడిన ప్రశ్న. మెండెల్‌ను వియన్నా విశ్వవిద్యాలయానికి పంపించింది కూడా ఆయనే. అక్కడ డాప్లర్ దగ్గర భౌతికశాస్త్రం విన్నాడు. మొక్కల్ని చూసి వర్ణించడంతో ఆగకుండా లెక్కపెట్టే బుద్ధి ఆ క్లాసుల్లోనే పుట్టి ఉంటుందని నా అనుమానం.

ఇలాంటి సభలో చెప్పకూడదేమో గానీ, మెండెల్ ఉపాధ్యాయ అర్హత పరీక్ష ఎప్పటికీ గట్టెక్కలేదు.

1856 నుంచి 1863 దాకా మఠం పెరట్లో పని సాగింది. దానికి ముందే 34 రకాల బఠానీలు తెప్పించి, రెండేళ్లు వేసి చూసి, నిలకడగా ఉన్న 22 రకాలు ఏరుకున్నాడు. బఠానీ పువ్వులో పరాగసంపర్కం దానంతట అదే జరిగిపోతుంది. రెండు రకాలను కలపాలంటే మొగ్గగా ఉన్నప్పుడే విప్పి, కేసరాలు తుంచేసి, వేరే మొక్క పుప్పొడి అద్ది, పైన సంచి కట్టాలి. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లిన ఇళ్ల పిల్లలు మీలో ఉంటే ఆ పని మెడకూ నడుముకూ ఎంత బరువో వాళ్లకు తెలుసు. ఇలా ఎనిమిదేళ్లలో సుమారు 28,000 మొక్కలు. గింజ ఆకారం ఒక్కదానికే 7,324 గింజలు లెక్కపెట్టాడు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడ్డవి.

మీరు భాగించి చూడండి, సరిగ్గా మూడు రాదు. ఆయన దాన్ని మూడు చేసి రాయలేదు. వచ్చిన అంకెలు వచ్చినట్టే వేశాడు. 1865లో ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి ఊళ్లోని ప్రకృతి శాస్త్ర సంఘం ముందు చదివాడు. మరుసటి ఏడు అచ్చయింది. విడి ప్రతులు 40 వేయించుకున్నాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1868లో ఆయనే మఠాధిపతి అయ్యాడు. మఠాల మీద ప్రభుత్వం కొత్తగా వేసిన పన్ను కట్టనని పోరాడుతూ 1884లో కన్నుమూశాడు. ప్రయోగాలు రాసుకున్న నోటు పుస్తకాలేవీ మిగల్లేదు. 1900లో డి వ్రీస్, కొరెన్స్, చెర్మాక్ అనే ముగ్గురు వేర్వేరు చోట్ల ఇదే దారిలో నడిచి చూస్తే, 34 ఏళ్ల కిందటి అచ్చు కాగితం అప్పటికే అక్కడ ఉంది. ఏ రకం వేశాడు, ఎలా కలిపాడు, ఎన్ని కాశాయి, అంతా అందులోనే. ఆయన్ను అడగాల్సిన పని లేకపోయింది. అడుగుదామన్నా మనిషి లేడు.

నేను ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది ఇదే. తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తమను ఎన్నడూ చూడని మనిషి చేతికి అందేలా రాసిపెట్టినవాళ్లు తక్కువ. గైడులో పేర్లు మిగిలింది ఎక్కువగా ఈ రెండో రకంవాళ్లవే.

పంటల వైపు అలా రాసిపెట్టినదే ఇంకొకటి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ గ్రంథాలయంలో సుమారు 820 నాటి పటం ఒకటి ఉంది. అయిదు తోలు ముక్కలు కలిపి కుట్టి, దాని మీద ఒక ఆదర్శ మఠం నమూనా గీశారు. అలాంటి మఠం ఎవరూ కట్టలేదు. దాంట్లో నాకు ముచ్చటేసేది కూరగాయల తోట. 18 మడులు, ప్రతి మడిలోనూ ఏం వేయాలో పేరు రాశారు. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ముల్లంగి. పక్కనే మందు మొక్కల తోటలో 16 మడులు. అందులో పుదీనా, సోంపు, జీలకర్ర, మెంతి. పన్నెండు వందల ఏళ్ల కిందటి మఠంలోని ఆ పేర్లు చదువుతుంటే మన పోపుల పెట్టె మూత తీసినట్టుంటుంది. పన్నెండో శతాబ్దంలో ఎవరో సన్యాసి ఒక సాధువు జీవితచరిత్ర రాసుకోవడానికి ఈ పటం వెనక వైపు వాడుకున్నాడు. పుస్తకంలా మడతపెట్టి దాచింది ఆ చరిత్రకోసమే. పటం దాని చాటున బతికింది.

ఇక పాటలు. మెండెల్ అంత్యక్రియల్లో ఆర్గన్ వాయించిన యువకుడు, చిన్నప్పుడు అదే మఠంలో బృందగానం నేర్చుకున్నవాడు, తర్వాత పెద్ద స్వరకర్త అయిన యానాచెక్. అతని ముందు పెట్టిన స్వరలిపికి మూలం వెతుకుతూ పోతే ఇంకో సన్యాసి దగ్గర తేలతాం. ఇటలీలో పొంపోసా మఠంలో గైడో అనే బెనెడిక్టైన్ ఉండేవాడు. పదకొండో శతాబ్దం మొదటి భాగం. అప్పట్లో చర్చి పాటలన్నీ విని బట్టీపట్టాల్సిందే. పదేళ్లు కష్టపడ్డా గాయకుడు సగం సగమే తయారవుతున్నాడని ఆయన బాధ. గీతలు గీశాడు, గీతల మీదా మధ్యలోనూ స్వరాలు పెట్టాడు. ఏ స్వరం ఎక్కడుందో కన్ను పోల్చుకునేలా ఒక గీతకు ఎరుపు, ఒక గీతకు పసుపు వేశాడు. ఒక స్తోత్రంలోని పాదాల మొదటి అక్షరాలు తీసి ఆరు స్వరాలకు పేర్లు పెట్టాడు. ఎన్నడూ వినని పాటను పిల్లలు ఆ గీతలు చూసి పాడేస్తున్నారు. రెండేళ్లు చాలు అన్నాడు. తోటి సన్యాసులకు అసూయ పుట్టి, ఆయన మఠం వదిలి అరెజ్జో చేరాల్సి వచ్చింది. తర్వాత పోప్ స్వయంగా రోముకు పిలిపించి చూశాడనుకోండి.

ఆ స్వరాల పేర్లే ‘డో రే మీ’ అయ్యాయి. 1959లో అమెరికా సంగీత నాటకకర్తలు రాజర్స్, హామర్‌స్టైన్ తమ నాటకంలో ఆ పేర్లతో పిల్లల పాట కట్టారు. 1965లో ఆ నాటకం ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాగా వచ్చాక ఆ పాట ఎన్నో దేశాలకు పాకింది. అందులో ఆ పాట నేర్పే మరియా కూడా సాల్జ్‌బర్గ్‌లోని నోన్‌బెర్గ్ మఠంలో కన్యాస్త్రీ కాబోయి బయటికొచ్చిన నిజ వ్యక్తే.

పాటను రాసిపెట్టుకునే ఈ సంగతి మన ఇంటిదాకా వస్తుంది. అన్నమయ్య సంకీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి. రాగం పేరు ఉంది, సాహిత్యం ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం కళ్లు మూసుకుని వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యో శతాబ్దంలో కూర్చినవి. అద్భుతమైనవే, కాదనను. కానీ అన్నమయ్య ఎలా పాడుకున్నాడో ఇంక తెలిసే దారి లేదు. ముత్తుస్వామి దీక్షితర్ కృతులకు ఆ గతి పట్టకపోవడానికి ఒక కారణం మద్రాసు క్రైస్తవుడు చిన్నస్వామి మొదలియార్. ఆయన మన కృతులను గైడో గీతల సంతతి అయిన పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి 1893లో అచ్చు వేయించాడు. దీక్షితర్ వంశీకుడు సుబ్బరామ దీక్షితర్‌ను తన దగ్గరున్నది బయటపెట్టమని వెంటపడింది కూడా ఆయనే. అలా 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వచ్చింది. అచ్చయింది తమిళదేశంలోని ఎట్టయాపురంలో, లిపి మాత్రం తెలుగు. గమకాలకు కూడా గుర్తులున్నాయి అందులో. సంగీతం డిగ్రీ తీసుకుంటున్నవారు మీ లైబ్రరీలో ఆ సంపుటాలు ఎక్కడున్నాయో వెతకండి.

మఠం నుంచి వచ్చిన పాట ఇంకొకటి ఉంది. బెల్జియంలో ఫిషర్మాంట్ అనే డొమినికన్ మఠంలో జానీన్ డెకెర్స్ అనే సిస్టర్ గిటారు వాయిస్తూ తమ సంఘ స్థాపకుడి మీద కట్టిన ‘డొమినిక్’. అచ్చంగా ఫ్రెంచి పాట. 1963 డిసెంబరులో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. బీటిల్స్ ఇంకా ఆ పట్టిక ఎక్కలేదు అప్పటికి. రికార్డుల మీద వచ్చిన డబ్బులో తన వాటా ఆమె మఠానికే ఇచ్చేసింది. 1966లో మఠం వదిలింది. తర్వాత పన్నుల శాఖవాళ్లు ఆ ఆదాయానికి పన్ను కట్టమన్నారు. మఠానికి ఇచ్చానంది. రుజువేదీ అన్నారు. రసీదు లేదు. 1985లో చనిపోయేదాకా ఆ బాకీ ఆమెను వదల్లేదు. కామర్స్ విద్యార్థులు నవ్వుతున్నారు, చూస్తున్నాను. నాకు ఈ కథలో నవ్వు రాదు. నిజం చెప్పిన మనిషి దగ్గర కాగితం లేకపోయింది.

ఇక ఒక చిన్న మనవి చేసి కూర్చుంటాను. మీ ప్రాజెక్టు రికార్డులు డిపార్ట్‌మెంటు బీరువాల్లో ఉన్నాయి. ఇంటికెళ్లే ముందు ఒకసారి తీసి చూడండి. ఏ ఊళ్లో, ఏ రకం, ఏ తేదీన విత్తారో రాశారా? జానపద గీతం రికార్డు చేసుకొచ్చినవారు పాడినామె పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారన్నది రాశారా? మీకు మాత్రమే అర్థమయ్యే పొడి అక్షరాలు ఉంటే పూర్తిగా విప్పి రాయండి. అనుకున్న ఫలితం రాని పట్టికలు చింపకండి, వాటినీ కలిపి కుట్టండి. బీరువా తాళాలు ఆఫీసులో ఉంటాయట, సాయంత్రం అయిదు దాకా తెరిచి ఉంచమని రిజిస్ట్రారు గారిని నేను అడిగాను, ఒప్పుకున్నారు.