హస్తవాసియు త్రాసును
(ఉగాది సభయందు గావించిన ప్రసంగపాఠము)



తెలుగు కుటుంబములు ఉద్యోగరీత్యా ఢిల్లీకి తరలివచ్చునపుడు ఆవకాయ జాడీతోను, ఇడ్లీ పాత్రతోను పాటు కాఫీ ఫిల్టరు కూడ సామానులో చేరును. తేనీటికి అలవాటుపడిన ఆ నగరమున తెల్లవారుజామున డికాక్షను వాసన ఏ గుమ్మమునుండి వచ్చుచున్నదో, అది దక్షిణాదివారి యిల్లని పొరుగువారు ఇట్టే గుర్తింతురు. అట్టి యిండ్లలో కాఫీ బాగుండుటకును, బాగుండకపోవుటకును చెప్పుకొను కారణ మొక్కటే: హస్తవాసి. ఆ హస్తవాసికి తోడు రాగల ఒక చిన్న వస్తువే నేటి ప్రసంగవిషయము. అది కొన్ని వందల రూపాయలకు దొరకు డిజిటల్ త్రాసు.

ఒక ప్రభుత్వ క్వార్టరులో జరిగిన సంగతితో ప్రారంభించుట ఉచితము. ఆ యింటి పెద్దామెకు డెబ్బది యేండ్లు దాటినవి. పెండ్లియై వచ్చిన నాటినుండి ఆ యింట తొలికాఫీ ఆమె చేతిదే. పొడిని అరచేతిలో పోసికొని, ఒక్కమారు చేయి ఆడించి చూచి, ఫిల్టరులో వేయును. చెంచా యెరుగదు. మోకాళ్ల నొప్పులు ముదిరి పొయ్యి దగ్గర నిలువలేకపోయినప్పుడు ఆ పని కోడలికి సంక్రమించినది. కోడలు కూడ ఉద్యోగినియే. ఆమె అత్తగారిని అడిగి, మూడు చెంచాలని లెక్క పెట్టుకొని, ఆ ప్రకారమే చేయుచుండెను. కొన్నాళ్లు బాగుగనే జరిగినది. తరువాత కాఫీ పలుచనైనది. పెద్దామె నోరు విప్పి ఏమియు అనలేదు. గ్లాసులో సగము మిగిల్చి లేచునది. ఆ సగము గ్లాసు కోడలికి నూరు మాటలపెట్టు. "లెక్క తప్పలేదు, అత్తయ్యగారూ" అని ఆమె యనిన, "నే నేమన్నానమ్మా?" అని యీమె యనును. నడుమ నలిగినవాడు కుమారుడు. అతడు ఒకనాడు సాయంకాలము ఆఫీసునుండి వచ్చుచు త్రాసు నొకదానిని కొని తెచ్చెను.

"కాఫీకి త్రాసేమిటిరా నాయనా! బంగారమా యేమి?" అని తల్లి నవ్వినది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. పూర్వము కంసాలి గురివింద గింజలతో తూచిన దాక బంగారము నమ్మకము కానట్లు, కాఫీపొడికిని తూకము తప్ప వేరు నమ్మకము లేదు. చెంచా కొలుచునది పొడి ఆక్రమించు చోటును. డికాక్షనుకు చిక్కదన మిచ్చునది పొడి బరువు. ముతకగా ఆడిన పొడికిని మెత్తగా ఆడిన పొడికిని చెంచాలో బరువు భేదించును. గింజను ఎక్కువగా వేచినకొలది అది ఉబ్బి తేలికయగును. డబ్బాను కుదిపి నింపినచో ఒక బరువు, వదులుగా పోసినచో వేరొక బరువు. చికోరీ పాలు మారినను భేదమే. చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని మన దేశపు ఆహార నిబంధనలు విధించినవి. ఆ హద్దు దాటిన పిమ్మట ఎవరి మిశ్రమము వారిది. కావున దుకాణము మారినపుడు "మూడు చెంచాలు" అను మాటకు అర్థమే మారిపోవును.

ఈ త్రాసు పనిచేయు విధము సులభముగనే బోధపడును. పళ్లెము క్రింద చిన్న లోహపు కడ్డీ యుండును. బరువు పెట్టగనే అది కంటికి కానరానంతగా వంగును. దానిపై అంటించిన సన్నని లోహపు రేకు సాగి, దాని విద్యున్నిరోధము కొలదిగా మారును. ఆ మార్పును విద్యుద్వలయము గ్రహించి అంకెలుగా చూపును. ఈ పద్ధతి 1938లో అమెరికాలో కనుగొనబడినది. నాడు ప్రయోగశాలల సాధనము, నేడు వంటయింటి అరలో ఇముడుచున్నది.

కొనువారు ముందుగా చూడవలసినది మెట్టు, అనగా త్రాసు చూపగల అతి చిన్న భేదము. సామాన్యమైన వంటయింటి త్రాసు 5 లేక 10 కిలోల వరకు తూగును. దాని మెట్టు 1 గ్రాము. అది 22 అని చూపినపుడు నిజమైన బరువు 21.5కును 22.5కును నడుమ ఎక్కడనైనను ఉండవచ్చును. నలుగురికి ఒకేసారి డికాక్షను దించుకొను ఇంట ఆ తేడా నాలుకకు తెలియదు. ఒంటరిగా నుండి 10 గ్రాములతో ఒక్క గ్లాసు చేసికొనువారికిని, ఎస్ప్రెసో యంత్రము గలవారికిని 0.1 గ్రాము మెట్టుగల త్రాసు తగినది. 0.01 గ్రాము చూపు జేబు త్రాసులు కలవు. వాని పళ్లెము చిన్నది, మోయు బరువు స్వల్పము. ఫిల్టరు పెట్టుటకు చాలవు. అంకెలు పెరిగినంత మాత్రమున సత్యము పెరగదు.

రెండవది స్థిరత్వము. ఇంటి కాఫీకి కావలసినది నిన్నటి తూకమే నేడును వచ్చుట. త్రాసు ప్రతిదినము ఒకే తీరున అర గ్రాము ఎక్కువ చూపినచో హాని లేదు. నేడొక తీరు, రేపొక తీరు చూపినచో అది యెంత ఖరీదైనను నిష్ప్రయోజనము. వ్యాపారమునకు వాడు త్రాసును 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము ననుసరించి తనిఖీ చేయించి ముద్ర వేయించవలెను. సొంత వాడుకకు కొను ఇంటి త్రాసునకు తనిఖీ అధికారి ఇంటి యజమానురాలే.

ఆ తనిఖీకి నాణెములు చాలును. ఒకప్పుడు రూపాయి నాణెము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము తూగునది. నాణెముతో తూచుట ఈ దేశమునకు క్రొత్త గాదు. నేటి పండ్రెండు అంచుల 20 రూపాయల నాణెము 8.54 గ్రాములు. అట్టివి పది పెట్టినచో 85 గ్రాములు రావలెను. వానినే పళ్లెము నడుమను, నాలుగు మూలలను పెట్టి చూడవలెను, అంకె మారరాదు. తీసివేసినపుడు సున్న రావలెను. మరునాడు తిరిగి తూచినను అంతే రావలెను. ఈ పరీక్షలో నెగ్గిన త్రాసు ఎంత చౌకదైనను గ్రహింపదగినది. ఓడినదానిని గడువులోపల తిరిగి యిచ్చివేయుట మేలు.

వాడుకలో కొన్ని మెలకువలు గలవు. పళ్లెముపై గిన్నె పెట్టి, "టేర్" అను మీట నొక్కి సున్న చేసికొని పొడి వేయవలెను. ఫంకా గాలి తగులనిచోట, సమతలమైన బల్లపై ఉంచవలెను. కాలుచున్న పాత్రను నేరుగా పెట్టినచో లోపలి కడ్డీ వేడెక్కి అంకె జారును. నడుమ ఒక చెక్కపలక యుంచి దానితో కూడ సున్న చేసికొనవలెను. అంకెలు మసకబారినను, నిలకడ తప్పినను ముందు బ్యాటరీని అనుమానింపవలెను.

ఇక ఆ యింటి సంగతి. కుమారుడు తెచ్చినది 1 గ్రాము మెట్టుగల చౌక త్రాసే. తొలి ఉదయము కోడలు చిటికెడు చిటికెడుగా పొడి రాల్చగా అంకె సున్ననుండి కదలలేదు. మోసపోయితిమని తిరిగి యిచ్చివేయబోయిరి. దోషము త్రాసుది కాదు. సున్న దగ్గర కలుగు అతి చిన్న మార్పులను ఇట్టి త్రాసులు గాలి తాకిడిగా నెంచి తామే సవరించుకొనును. ఒక పెద్ద చెంచెడు ఒకేమారు వేసి, ఆ పిమ్మట కొద్దికొద్దిగా కలిపినచో సరిగా లెక్కించును. అట్లు చేయగా సరిపోయినది.

ఆదివారమునాడు పెద్దామెను భోజనపు బల్ల దగ్గర కూర్చుండబెట్టి, వెనుకటివలె అరచేతిలో పొడి పోసికొని గిన్నెలో వేయుమనిరి. త్రాసు 22 చూపినది. మరల వేయించిరి: 23. మూడవమారు 22. పిదప కోడలు తన మూడు చెంచాలు వేసినది: 18. ఆమె మొగము చిన్నబోయినది. అంతట పాత దుకాణపు పొడి డబ్బా అడుగున మిగిలియుండగా, అదే చెంచాతో అదియు మూడు చెంచాలు తూచిరి: 22. పొలము దగ్గరనుండి వచ్చిన కయ్యము గట్టు తగవని తేలినట్లు, రెండు నెలల మనస్తాపమునకు మూలము దుకాణము మార్చుట యని తేలినది. దుకాణము మార్చినది కుమారుడే! అతడు తల వంచుకొనెను. అత్తాకోడండ్రు ఒకరినొకరు చూచుకొని నవ్విరి.

"నీ చేయి మంచిదేనమ్మాయ్, చెంచాదే తప్పు" అని పెద్దామె పలికినది. కోడలు కాగితపు ముక్కపై "అత్తయ్యగారి కొలత, 22 గ్రాములు" అని వ్రాసి డబ్బా మూతకు అంటించెను. నాటినుండి గ్లాసులో సగము మిగులుట లేదు.

హస్తవాసి యనునది అనేక సంవత్సరముల అభ్యాసము ఒక చేతిలో దాచిన తూకము. ఆ చేయి ఆడుచున్న దినములలోనే దానిని అంకెగా వ్రాసి యుంచుకొనిన యింట, తరువాతి తరము ఏ నగరమునకు బదిలీయైనను, ఆ కాఫీ వారి వెంట పోగలదు. దానికి ఖరీదైన యంత్రము పనిలేదు. మాట తప్పని చౌక త్రాసొకటి, ఒక కాగితపు ముక్క, ఒక ఆదివారపు ఉదయము చాలును.